డైమిథైల్ ఫ్యూమరేట్ మొదలుపెట్టాక లింఫోసైట్లు తగ్గాయి: ఈ మందు కణాలను చంపుతుందా, రెచ్చిపోకుండా ఆపుతుందా?

భద్రకాళి బండ్, హనుమకొండ | శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా అక్కకు 31 ఏళ్లు. పోయిన ఏడాది కుడి కన్ను మసకబారింది, కొన్నాళ్లకు కాళ్లలో తిమ్మిర్లు మొదలైనయి. ఎంఆర్ఐ, వెన్నునీటి పరీక్ష చేసి రిలాప్సింగ్ రకం (అంటే మళ్లీ మళ్లీ అటాక్ వచ్చే రకం) మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు, సొంత రోగనిరోధక కణాలే నరాల మీద దాడి చేసే జబ్బట. న్యూరాలజిస్ట్ డైమిథైల్ ఫ్యూమరేట్ రాశారు. మొదటి వారం 120 మిల్లీగ్రాములు రెండు పూటలా, ఆ తర్వాత నుంచి 240 రెండు పూటలా వేసుకుంటుంది. ఆరు నెలల రక్తపరీక్ష ఇప్పుడే వచ్చింది. లింఫోసైట్ల (రోగనిరోధక పని చేసే ఒక రకం తెల్లకణాలు) దగ్గర తక్కువ అని గుర్తు పెట్టి ఉంది.

ఇంట్లో మస్తు టెన్షన్. అమ్మ మందు ఆపేయమంటుంది. బావేమో కౌంట్ తగ్గితేనే మందు పనిచేస్తున్నట్టు, ఇంకా తగ్గాలె అంటున్నాడు. డాక్టర్ గారి అపాయింట్‌మెంట్ వచ్చే గురువారం. అసలు ఈ మందు రోగనిరోధక కణాలను చంపేస్తుందా, లేక అవి రెచ్చిపోకుండా ఆపుతుందా? అర్థం చేసుకుని వెళ్తే సరిగ్గా అడగగలుగుతం. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

గోదావరిఖని వాణి | శనివారం రాత్రి 9:40

తమ్ముడూ, ముందు ఒక్క మాట. గురువారం దాకా మందు మీ అంతట మీరు ఆపకండి. నేను ఇదే మందు ఏండ్ల తరబడి వాడుతున్న. నాకూ మొదట్లో కౌంట్ తగ్గింది, తర్వాత ఒక దగ్గర నిలబడ్డది. ఆపాలా వద్దా అన్నది ఒక్క రిపోర్టు చూసి తేల్చేది కాదు. అక్కకు ముఖం, మెడ ఎర్రబడి మంట వస్తుందా? కడుపునొప్పి, విరేచనాలు ఉన్నయా?

భద్రకాళి బండ్ | శనివారం రాత్రి 9:52

మొదటి నెల రెండూ ఉండె అక్కా. ఇప్పుడు ఎరుపు అప్పుడప్పుడు మాత్రమే. కడుపు బాగానే ఉంది.

మైక్రోస్కోప్ కాజీపేట | శనివారం రాత్రి 10:05

ల్యాబ్ టెక్నీషియన్‌ని. రిపోర్టులో గుర్తు శాతం పక్కన ఉందా, అబ్సొల్యూట్ కౌంట్ పక్కన ఉందా చూడండి. శాతం చూసి భయపడేవాళ్లు, శాతం చూసి ధీమాగా ఉండేవాళ్లు ఇద్దరూ నాకు రోజూ కనిపిస్తారు. ఈ మందు విషయంలో చూడాల్సింది అబ్సొల్యూట్ కౌంట్. రిపోర్టులో అది విడిగా ఇవ్వకపోతే మొత్తం తెల్లకణాల సంఖ్యను లింఫోసైట్ల శాతంతో గుణించి 100తో భాగించండి. మందు మొదలుపెట్టక ముందు చేసిన పరీక్ష కాగితం కూడా తీయండి.

భద్రకాళి బండ్ | శనివారం రాత్రి 10:21

గుర్తు శాతం పక్కనే ఉంది అన్నా. ఇప్పుడు మొత్తం 5,600, లింఫోసైట్లు 18 శాతం. అప్పుడు మొత్తం 6,400, లింఫోసైట్లు 26 శాతం.

మైక్రోస్కోప్ కాజీపేట | శనివారం రాత్రి 10:30

అంటే అప్పుడు 1,664, ఇప్పుడు 1,008. చాలా ల్యాబులు 1,000ని కింది హద్దుగా పెట్టుకుంటాయి, మీ అక్క ఇంకా దానికి కొంచెం పైనే ఉంది. తగ్గుదల దాదాపు 40 శాతం. ఈ మందు మీద మొదటి ఏడాదిలో సగటున 30 శాతం దాకా తగ్గుతుందని మందుతో వచ్చే కాగితంలోనే ఉంటుంది. మీ అక్కది సగటు కంటే కొంచెం ఎక్కువ.

రెండు విషయాలు అడుగుతా. రక్తం ఇచ్చే ముందు వారాల్లో వైరల్ జ్వరం, డెంగీ లాంటిది వచ్చిందా? రిలాప్స్ అని సిరలోకి మిథైల్‌ప్రెడ్నిసొలోన్ ఎక్కించారా? స్టెరాయిడ్ ఎక్కించిన వెంటనే లింఫోసైట్లు పడిపోతాయి, ఇంకో రకం తెల్లకణాలైన న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి, శాతాలు మొత్తం తారుమారవుతాయి. అప్పుడు చేసిన కౌంటును మందు ఖాతాలో వేయలేం. వానాకాలంలో మన దగ్గర ఈ గందరగోళం చాలా ఎక్కువ.

భద్రకాళి బండ్ | శనివారం రాత్రి 10:38

జ్వరం లేదు, స్టెరాయిడ్ పోయిన ఏడాది కన్ను మసకబారినప్పుడే. మందు మొదలయ్యాక మళ్లీ అటాక్ రాలేదు.

కరీంనగర్ మాస్టారు | ఆదివారం ఉదయం 6:50

జువాలజీ చెప్పి రిటైర్ అయినవాణ్ణి. బాబూ, నీ ప్రశ్నకు జవాబు కావాలంటే లింఫోసైట్లలో ఒక రకమైన టి కణం అసలు ఎలా రెచ్చిపోతుందో ముందు తెలియాలి. వైద్య సలహా నా పని కాదు, జీవశాస్త్రం వరకు చెబుతాను.

టి కణం మామూలుగా విశ్రాంతిలో ఉంటుంది. రక్తంలో, లింఫ్ గ్రంథుల్లో తిరుగుతూనే ఉంటుంది కానీ విభజన చెందదు, పెద్దగా ఏమీ తయారుచేయదు. కాపలా కాసే డెండ్రిటిక్ కణం ఒక ప్రొటీన్ ముక్కను తన ఉపరితలం మీద పెట్టి చూపించినప్పుడు, ఆ ముక్కకు సరిపోయే గ్రాహకం ఉన్న టి కణం దానికి అతుక్కుంటుంది. ఇది మొదటి సంకేతం. అది ఒక్కటే చాలదు. టి కణం మీదున్న సీడీ28 అనే ప్రొటీన్‌కు డెండ్రిటిక్ కణం మీదున్న సీడీ80, సీడీ86 తగలాలి. ఇది రెండోది. మొదటిది వచ్చి రెండోది రాకపోతే టి కణం మొద్దుబారిపోతుంది. మూడోది, చుట్టూ ఉన్న సైటోకైన్లు, అంటే కణాలు ఒకదానికొకటి పంపుకునే రసాయన సంకేతాలు. ఇంటర్‌ల్యూకిన్ 12 ఎక్కువుంటే ఒక రకం దాడి కణంగా, ఇంటర్‌ల్యూకిన్ 23 వంటివి ఉంటే ఇంకో రకంగా అది స్థిరపడుతుంది.

మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో ఇలా రెచ్చిన టి కణాలు మెదడులోకి, వెన్నుపాములోకి దూరి నరాల చుట్టూ ఉన్న మైలిన్ పొరను సొంత శరీరానిదని గుర్తించకుండా దాడి చేస్తాయి. లింఫోసైట్లలోనే ఇంకో రకమైన బి కణాలు కూడా ఊరికే ఉండవు. టి కణాలకు ముక్కలు చూపించి, సైటోకైన్లు వదిలి వాటిని ఎగదోస్తాయి. ఏటా బయటపడే కేసుల్లో ఎక్కువమంది 20 నుంచి 40 ఏళ్ల లోపు వాళ్లు, అందులోనూ ఆడవాళ్లు ఎక్కువ.

కాబట్టి ఈ జబ్బులో ఇబ్బంది కణాల సంఖ్య ఎక్కువై వచ్చినది కాదు. రెచ్చిపోవడంలో ఉంది. సంఖ్య చూసి జబ్బును, మందును కొలవబోతే దారి తప్పుతాం.

కేయూ క్రాస్‌రోడ్ | ఆదివారం ఉదయం 8:15

మాస్టారు చెప్పిన చోటి నుంచి నేను అందుకుంటా. ఎం.ఫార్మసీ చదువుతున్న, నా సెమినార్ ఇదే మందు మీద ఇచ్చిన.

ఫ్యూమరేట్ మన శరీరానికి కొత్త పదార్థం కాదు. దాదాపు ప్రతి కణంలో శక్తి తయారయ్యే క్రెబ్స్ వలయంలో అది ఒక మెట్టు. దాన్ని డైమిథైల్ రూపంలో మింగితే పేగుల్లోనే విడిపోయి ఎక్కువ భాగం మోనోమిథైల్ ఫ్యూమరేట్‌గా రక్తంలోకి వెళ్తుంది. జర్మనీలో 1959లో ష్వెకెండీక్ అనే రసాయన శాస్త్రవేత్త తన సొరియాసిస్ మీద ఫ్యూమరిక్ ఆమ్లం వాడి చూసుకున్నాడు. 1994లో అక్కడ సొరియాసిస్‌కు ఫ్యూమరేట్ మాత్రలకు అనుమతి వచ్చింది. మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు అమెరికాలో అనుమతి 2013లో. అంటే ఎలా పనిచేస్తుందో పూర్తిగా తెలియక ముందే పనిచేస్తుందని తెలిసింది.

మొదట అందరూ ఎన్ఆర్ఎఫ్2 గురించే చెప్పేవాళ్లు. ఆ ప్రొటీన్ లేస్తే కణం ఆక్సీకరణ ఒత్తిడిని తట్టుకునే ఎంజైములు చేసుకుంటుంది. అది నిజమే, కానీ ఎలుకల్లో ఎన్ఆర్ఎఫ్2 జన్యువు తీసేసినా మందు రోగనిరోధక కణాలను నెమ్మదింపజేసింది. ఇంకేదో ఉండాలి.

2018లో జాన్స్ హాప్కిన్స్ వాళ్లు ఆ ఇంకేదోలో పెద్ద భాగం పట్టుకున్నారు. విశ్రాంతిలో ఉన్న టి కణం ఇంధనాన్ని మైటోకాండ్రియాలో నిదానంగా, పొదుపుగా వాడుకుంటుంది. రెచ్చిన వెంటనే దాని పద్ధతి మారిపోతుంది. ఆక్సిజన్ ఉన్నా సరే, గ్లూకోజ్‌ను గ్లైకోలైసిస్ ద్వారా విపరీతమైన వేగంతో కరిగిస్తుంది. వేల సంఖ్యలో విభజన చెందాలి, సైటోకైన్లు తయారుచేయాలి, దానికి కావాల్సిన ముడిసరుకు ఆ దారిలోనే దొరుకుతుంది. ఆ దారిలో జీఏపీడీహెచ్ అనే ఎంజైమ్ ఉంటుంది. ఫ్యూమరేట్ వెళ్లి ఆ ఎంజైమ్ పనిచేసే చోట ఉన్న సిస్టీన్ అనే అమైనో ఆమ్లానికి గట్టిగా అతుక్కుంటుంది, ఎంజైమ్ మందగిస్తుంది.

ఇంట్లో మామూలు రోజుల్లో ఒక సిలిండర్‌తో నెల గడుస్తుంది. పెండ్లి వంట పెట్టినప్పుడు సిలిండర్ మీద సిలిండర్ కావాలి. ఏజెన్సీ వాడు రోజుకు కొంతే ఇస్తానంటే ఇంటి వంట ఆగదు, పెండ్లి వంట ఆగుతుంది. ఈ మందు కూడా విశ్రాంతి కణాన్ని పెద్దగా ఇబ్బంది పెట్టదు, రెచ్చిన కణానికే ఇంధనం చాలదు.

అందుకే నీ ప్రశ్నకు నా జవాబు: ముఖ్యంగా ఆపుతుంది.

కరీంనగర్ మాస్టారు | ఆదివారం ఉదయం 9:02

చక్కగా చెప్పావమ్మా. కానీ ఒక సందేహం. ఆపడం మాత్రమే అయితే కౌంట్ ఎందుకు తగ్గాలి?

కేయూ క్రాస్‌రోడ్ | ఆదివారం ఉదయం 9:30

మంచి ప్రశ్న సార్. రెండు కారణాలు కలిసి ఉన్నాయి. విభజన తగ్గితే కొత్త కణాలు తక్కువ పుడతాయి, సంఖ్య మెల్లగా దిగుతుంది. రెండోది, ల్యాబ్‌లో చూసినప్పుడు ఈ మందు తగిలిన టి కణాల్లో కొన్ని నిజంగానే చనిపోతాయి. గ్లూటాథయోన్ అనే రక్షక పదార్థాన్ని మందు ఖర్చు చేసేయడం దీనికి తోడవుతుంది. రోగుల రక్తంలో చూస్తే తగ్గుదల అన్నింట్లో సమానంగా ఉండదు. టి కణాల్లోనే రెండు రకాలైన సీడీ4, సీడీ8లలో సీడీ8 కణాలు ఎక్కువ తగ్గుతాయి. ఇదివరకు ఒకసారి రెచ్చి జ్ఞాపకం పెట్టుకున్న మెమరీ కణాలు ఎక్కువ తగ్గుతాయి, ఇంకా ఏదీ చూడని నైవ్ కణాలు తక్కువ తగ్గుతాయి. మిగిలిన బి కణాలు కూడా మంటను పెంచే ఇంటర్‌ల్యూకిన్ 6, టీఎన్ఎఫ్ లాంటివి తక్కువ వదులుతాయి. డెండ్రిటిక్ కణాలు ఇంటర్‌ల్యూకిన్ 12, 23 తగ్గించి, మంటను చల్లార్చే ఇంటర్‌ల్యూకిన్ 10 ఎక్కువ వదులుతాయి. మీరు చెప్పిన మూడో సంకేతం అక్కడ మారిపోతుంది.

కాబట్టి చంపడం కూడా కొంత ఉంది, దాన్ని దాచను. కానీ మిగిలిన కణాల స్వభావం మారడమే దీని అసలు పని అని నా నమ్మకం.

కరీంనగర్ మాస్టారు | ఆదివారం ఉదయం 9:48

రెండో సంకేతం సంగతి? సీడీ28 దగ్గర కూడా ఇది పనిచేస్తుందని 2016 ప్రాంతంలో చదివిన గుర్తు.

కేయూ క్రాస్‌రోడ్ | ఆదివారం ఉదయం 10:10

అవును సార్. పీకేసీ-థీటా అనే ఎంజైమ్ సీడీ28 దగ్గరకు చేరితేనే రెండో సంకేతం లోపలికి అందుతుంది. ఆ ఎంజైమ్ మీది సిస్టీన్లకు డైమిథైల్ ఫ్యూమరేట్ అతుక్కుని ఆ చేరికను అడ్డుకుంటుందని చూపించారు. కాకపోతే ఆ ప్రయోగంలో మోనోమిథైల్ రూపానికి ఆ శక్తి కనిపించలేదు. రక్తంలో తిరిగేది మోనోమిథైల్ కదా. మరి మనిషిలో ఈ దారి ఎంతవరకు నడుస్తుంది? పేగుల గోడల్లో రోగనిరోధక కణాలు గుంపులుగా ఉంటాయి, మందు విడిపోకముందే అక్కడ వాటిని తాకే వీలుంది. అందుకే నేను జీఏపీడీహెచ్ దారికి ఎక్కువ బరువిస్తా.

జగిత్యాల రమణ | ఆదివారం మధ్యాహ్నం 12:25

ఇంత కెమిస్ట్రీ నాకు తెల్వదు. మా పెద్దమ్మ కొడుకుకు కూడా ఇదే జబ్బు. కౌంట్ తగ్గిందని మేం తిప్పతీగ కషాయం ఇచ్చినం, ఇమ్యూనిటీ పెరుగుతదని. పొద్దున పరగడుపున ఒక గ్లాసు. తమ్ముడూ, మీరూ చూడండి.

న్యూరో పీజీ | ఆదివారం మధ్యాహ్నం 1:10

రమణ గారూ, మీరు ప్రేమతో ఇచ్చారు, అర్థమవుతోంది. కానీ దయచేసి ఆపండి. పైన మాస్టారు చెప్పింది మళ్లీ చదవండి. ఈ జబ్బులో రోగనిరోధక కణాలు ఇప్పటికే అతిగా రెచ్చిపోతున్నాయి. వాటిని ఇంకా లేపే పదార్థం మనకు వద్దు. ఇంకొకటి, తిప్పతీగ వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులు 2021 నుంచి మన దేశంలోనే వైద్య పత్రికల్లో వచ్చాయి. వాళ్లలో కొందరికి ముందే స్వయంనిరోధక స్వభావం ఉంది. డైమిథైల్ ఫ్యూమరేట్ వాడేవాళ్లకు కాలేయ పరీక్షలు ఎలాగూ చేస్తాం. అవి తేడాగా వస్తే మందు వల్లా, కషాయం వల్లా అని తేల్చడం మాకు చాలా కష్టమవుతుంది.

ఇప్పుడు మీ బావగారి మాట. కౌంట్ తగ్గితేనే మందు పనిచేస్తున్నట్టు అన్నది మందును బట్టి మారుతుంది. ఫింగోలిమాడ్ తీసుకోండి. అది లింఫోసైట్లను లింఫ్ గ్రంథుల్లోంచి బయటకు రానివ్వదు, కాబట్టి రక్తంలో కౌంట్ బాగా పడిపోతుంది. అక్కడ కౌంట్ తగ్గడం ఆ మందు పనిలో భాగం. నటాలిజుమాబ్ దీనికి పూర్తిగా తలకిందులు. అది కణాలు రక్తనాళం దాటి మెదడులోకి వెళ్లకుండా ఆపుతుంది. లోపలికి పోలేనివి బయటే తిరుగుతాయి, రక్తంలో లింఫోసైట్ల కౌంట్ పెరుగుతుంది. రిటుక్సిమాబ్, ఒక్రెలిజుమాబ్ సీడీ20 అనే ప్రొటీన్ ఉన్న బి కణాలను తీసేస్తాయి. మొత్తం లింఫోసైట్లలో బి కణాలు చిన్న భాగమే కాబట్టి మామూలు కౌంటులో పెద్ద తేడా కనపడకపోవచ్చు. అన్నీ ఒకే జబ్బుకు వాడే మందులే, రక్తం కాగితం మాత్రం ఒక్కోదానికి ఒక్కో రకంగా చదవాలి.

డైమిథైల్ ఫ్యూమరేట్ దగ్గరకు వస్తే, కౌంట్ బాగా తగ్గినవాళ్లలో, తగ్గనివాళ్లలో అటాక్‌లు తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. 2012లో ప్రచురించిన డిఫైన్ అనే పెద్ద ట్రయల్‌లో రెండేళ్లలో మళ్లీ అటాక్ వచ్చినవాళ్లు ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 46 శాతం, ఈ మందు వేసుకున్నవాళ్లలో 27 శాతం. వాళ్లలో చాలామందికి కౌంట్ మామూలు హద్దుల్లోనే ఉంది. కాబట్టి "ఇంకా తగ్గాలె" అని కోరుకోకండి. తగ్గితే వచ్చేది ప్రమాదమే.

భద్రకాళి బండ్ | ఆదివారం మధ్యాహ్నం 1:34

డాక్టర్ గారూ, చాలా థ్యాంక్స్. ఎంత తగ్గితే ప్రమాదం? అమ్మకు చెప్పాలంటే ఒక సంఖ్య కావాలి.

న్యూరో పీజీ | ఆదివారం మధ్యాహ్నం 2:05

500 కంటే తక్కువై, ఆరు నెలలకు పైగా అలాగే ఉంటే మందు ఆపడం గురించి ఆలోచిస్తాం. 500 నుంచి 800 మధ్య చాలాకాలం నిలిచిపోయినా ఊరుకోం, దగ్గర దగ్గరగా పరీక్షలు చేస్తూ వేరే మందు గురించి మాట్లాడతాం. ట్రయల్స్‌లో 500 కిందికి పడినవాళ్లు 6 శాతం. మేం భయపడేది పీఎంఎల్ అనే మెదడు ఇన్‌ఫెక్షన్‌కు. జేసీ అనే వైరస్ చాలామంది శరీరంలో ఏ హానీ చేయకుండా ఉంటుంది. దాన్ని అదుపులో పెట్టేది టి కణాలే, ముఖ్యంగా సీడీ8. అవి చాలాకాలం తక్కువగా ఉంటే ఆ వైరస్ మెదడులో లేస్తుంది. చాలా అరుదు, కానీ వస్తే తీవ్రం. మాట తడబడటం, ఒక పక్క బలహీనత, మనిషి తీరు మారడం లాంటివి రోజురోజుకూ పెరుగుతుంటే అది మామూలు అటాక్ అనుకుని ఇంట్లో కూర్చోకూడదు.

మీ అక్క 1,008 దగ్గర ఉంది. నేనైతే మందు కొనసాగించి మూడు నెలలకు మళ్లీ కౌంట్ చేయిస్తా. నిర్ణయం మాత్రం చూస్తున్న డాక్టర్ గారిదే.

ఇంకా గురువారం అడగాల్సినవి చెబుతా. మన దగ్గర టీబీ ఎక్కువ, మందు మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే, టీబీ పరీక్ష అయ్యాయా? అమ్మవారు, అంటే చికెన్‌పాక్స్, చిన్నప్పుడు వచ్చిందా, లేకపోతే యాంటీబాడీలు చూశారా? షింగిల్స్, అంటే అదే వైరస్ మళ్లీ లేచి వచ్చే పొక్కులు, ఈ మందు మీద కొందరికి వస్తుంది. బతికున్న వైరస్‌తో చేసే టీకాలు డాక్టర్‌ని అడగకుండా వేయించుకోవద్దు. చివరగా, కన్ను మసకబారడంతో మొదలైంది కాబట్టి ఆక్వాపోరిన్ 4 యాంటీబాడీ పరీక్ష చేశారా అని తప్పకుండా చూడండి. న్యూరోమైలైటిస్ ఆప్టికా అనే జబ్బు ఇలాగే మొదలవుతుంది, కానీ అది వేరే జబ్బు. మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు ఇచ్చే ఇంటర్‌ఫెరాన్, ఫింగోలిమాడ్ లాంటివి అందులో పరిస్థితిని ఇంకా చెడగొట్టవచ్చు. ఏ కణం, ఏ దారిలో రెచ్చిపోతుందన్నది ఆ రెండు జబ్బుల్లో వేరు కాబట్టి మందులూ వేరు.

భద్రకాళి బండ్ | ఆదివారం మధ్యాహ్నం 2:20

ఆక్వాపోరిన్ నెగెటివ్ అని ఫైల్‌లో ఉంది. ఎక్స్‌రే ఉంది. చికెన్‌పాక్స్ అమ్మను అడిగిన, ఐదో తరగతిలో వచ్చిందట. ఇంకొకటి అడగాలె. అక్క, బావ వచ్చే ఏడాది పిల్లల గురించి అనుకుంటున్నరు.

న్యూరో పీజీ | ఆదివారం మధ్యాహ్నం 2:41

అది గురువారం మొదటి ప్రశ్నగా అడగండి, చివర్లో వద్దు. గర్భంలో ఈ మందును సాధారణంగా ఆపేస్తాం. మంచి విషయం ఏమిటంటే మోనోమిథైల్ ఫ్యూమరేట్ రక్తంలో ఎక్కువసేపు నిలవదు, సగం పోవడానికి గంట చాలు. అదే టెరిఫ్లునమైడ్ అయితే నెలల తరబడి, కొందరిలో రెండేళ్ల దాకా నిలిచిపోతుంది, కొలెస్టిరమిన్ లాంటిది ఇచ్చి కడిగేయాల్సి వస్తుంది. అందుకే పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లకు మందు ఎంచుకునేటప్పుడే ఈ మాట రావాలి.

మైక్రోస్కోప్ కాజీపేట | ఆదివారం సాయంత్రం 5:15

మళ్లీ పరీక్షకు వెళ్లినప్పుడు వీలైతే అదే ల్యాబ్‌లో చేయించండి. మెషీన్ మారితే చిన్న తేడాలు వస్తాయి, ఆ తేడాను మందు ప్రభావం అనుకుని మళ్లీ టెన్షన్ పడతారు. పాత కాగితాలన్నీ తేదీల వారీగా ఒకే ఫైల్‌లో పెట్టి, పైన ఒక తెల్లకాగితం మీద తేదీ, అబ్సొల్యూట్ కౌంట్ మాత్రం రాసుకుంటూ పోండి. డాక్టర్‌కు అర నిమిషంలో అర్థమవుతుంది.

గోదావరిఖని వాణి | ఆదివారం సాయంత్రం 6:30

అందరూ కణాల సంగతి చెప్పారు, నేను మనిషి సంగతి చెబుతా. ఎండాకాలం వస్తే మా దగ్గర 45 దాటుతది. ఆ వేడికి నా కాళ్లు బరువెక్కుతయి, చూపు మసకబారుతది. మొదట్లో మందు పనిచేయట్లేదని ఏడ్చేదాన్ని. పొర పోయిన నరంలో ఒంటి వేడి కొంచెం పెరిగినా సంకేతం సాగదట, చల్లబడితే మళ్లీ మామూలైతది. కొత్త అటాక్ కాదు అది, మందు విఫలమైనట్టూ కాదు. అక్కకు ముందే చెప్పి పెట్టండి. తడిగుడ్డ, కూలర్, మధ్యాహ్నం బయటికి పోకపోవడం. 24 గంటలు దాటినా తగ్గకపోతే, లేదా కొత్త చోట తిమ్మిరి వస్తే మాత్రం డాక్టర్‌కు ఫోన్ చేయండి.

రమణ గారూ, మీ పెద్దమ్మ కొడుకు కాలేయ పరీక్ష ఒకసారి చేయించండి.

జగిత్యాల రమణ | ఆదివారం రాత్రి 8:05

రేపే చేయిస్తం అక్కా. కషాయం ఇయ్యాల్టి నుంచే బంద్.

భద్రకాళి బండ్ | ఆదివారం రాత్రి 8:50

అమ్మకు, బావకు కూర్చోబెట్టి చదివి వినిపించిన. అమ్మ మందు ఆపమని ఇక అనట్లేదు, 500 అన్న సంఖ్య క్యాలెండర్ మీద రాసుకుంది. బావ ఒక ప్రశ్న అడుగుతున్నాడు: ఇంధనం ఆపే మందు కదా, అక్క తీపి తినడం మానేస్తే ఇంకా మంచిదా?

కేయూ క్రాస్‌రోడ్ | ఆదివారం రాత్రి 9:14

లేదు అన్నా. తీపి మానేసినా రక్తంలో గ్లూకోజ్‌ను శరీరం ఒక స్థాయిలో నిలబెడుతూనే ఉంటుంది, టి కణానికి అది చాలు. మందు అడ్డుకునేది గ్లూకోజ్ అందడాన్ని కాదు, కణం లోపల దాన్ని కరిగించే ఒక మెట్టును. అక్కను కడుపునిండా తినమను. మందు కూడా తిండితో వేసుకుంటేనే ముఖం ఎరుపు తగ్గుతుంది. ఆ ఎరుపు కూడా రోగనిరోధక అలర్జీ కాదు, చర్మంలో నియాసిన్ గ్రాహకం లేవడం వల్ల వచ్చేది, మందు మొదలుపెట్టినవాళ్లలో 40 శాతం మందికి కనిపిస్తుంది.

గోదావరిఖని వాణి | ఆదివారం రాత్రి 9:31

పెరుగన్నమో, ఉప్మానో, కొంచెం కొవ్వున్న తిండి తిన్నాక వేసుకుంటే నాకు కడుపు మంచిగుంటది. క్యాప్సూల్ విప్పి పొడి కలుపుకుని తాగొద్దు, నమలొద్దు, మొత్తంగా మింగాలె. గురువారం డాక్టర్ ఏమన్నరో ఇక్కడే రాయి తమ్ముడూ.